యోగసాధన నుండి అణు పరిశోధనకు – స్వామి జ్ఞానానంద జీవితం



ఈ ప్రత్యేక సంచికకు యోగాన్ని గురించి ఒక వ్యాసం వ్రాయమని మన సంఘం కార్యవర్గం వారు నన్ను కోరారు. ఆసనాల పేర్లు, వాటిని వేసే పద్ధతులు వరుసగా వ్రాసి ఇవ్వడం కష్టమేమీ కాదు. కాని అటువంటి పుస్తకాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతాయి. టీవీ పెడితే తెల్లవారుజామునే ఆసనాలు చూపించేవారు కనబడతారు. అందుచేత యోగం ఒక మనిషి జీవితంలో ఎంత పని చేయగలదో ఒక మహనీయుని చరిత్ర ద్వారా చెప్పడం మేలని నాకు తోచింది.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురం ప్రాంతాలలో మనవంటి విశ్రాంత ఉద్యోగులు ఎక్కువ. వనస్థలిపురంలో ఒక కాలనీకి ఎన్జీవోస్ కాలనీ అనే పేరే ఉన్నది. ఉదయం ఏ కాలనీ పార్కుకు వెళ్ళినా నడిచేవారు కొందరు, చాపలు పరచుకుని ఆసనాలు వేసేవారు కొందరు, బెంచీల మీద కూర్చుని వారిని చూసేవారు మరికొందరు ఉంటారు. ఆ బెంచీల దగ్గర యోగం గురించి మూడు రకాల మాటలు వినబడుతుంటాయి. యోగం సన్యాసులకే గాని సంసారులకు కాదని ఒకరంటారు. అది సైన్సుకు నిలవని పాతకాలపు నమ్మకమని ఇంకొకరంటారు. అరవై దాటిన తరువాత కొత్తగా మొదలుపెట్టి ఏం సాధిస్తామని మూడవవారు నిట్టూరుస్తారు. ఈ మూడు మాటలకూ సమాధానం చెప్పే జీవితం మన తెలుగువారిలోనే ఒకరిది ఉన్నది. ఆయనే స్వామి జ్ఞానానంద. విశాఖపట్నంలో చదువుకున్నవారికి, ముఖ్యంగా భౌతికశాస్త్రం చదివినవారికి ఈ పేరు బాగా తెలుసు. మిగిలినవారు, మన పిల్లలు, మనుమలు కూడా తెలుసుకోదగిన పేరు.

జననం, బాల్యం

స్వామి జ్ఞానానంద పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గరి గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5వ తేదీన జన్మించారు. తండ్రి రామరాజు గారు పుస్తకప్రియులు. వేదాలు, ఉపనిషత్తులు, పురాణాలతో కూడిన మంచి గ్రంథాలయం వారి ఇంట్లోనే ఉండేది. గోదావరి కాలువలు, వరిచేలు ఉన్న పల్లెటూళ్ళో ఆ రోజుల్లో ఒక ఇంటిలో అన్ని గ్రంథాలు ఉండడం సామాన్యం కాదు. బడిలో చెప్పే పాఠాల కంటె ఇంట్లో ఉన్న ఈ గ్రంథాలే ఆ పిల్లవాడి మనసును ఎక్కువగా ఆకర్షించాయి. హైస్కూలు చదువు నరసాపురంలోని టేలర్ హైస్కూలులో సాగింది.

ఆయన పుట్టిన 1896వ సంవత్సరం గురించి ఒక మాట చెప్పాలి. అదే సంవత్సరం పారిస్ నగరంలో బెకెరెల్ అనే శాస్త్రవేత్త యురేనియం లవణాల నుండి కంటికి కనిపించని కిరణాలు వెలువడుతున్నాయని కనుగొన్నాడు. అణుశాస్త్రానికి అది నాంది. అంతకు ముందు ఏడాదే, 1895లో, రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. అదే 1896లో స్వామి వివేకానంద అమెరికాలో యోగంపై చేసిన ఉపన్యాసాలు రాజయోగం అనే గ్రంథంగా వెలువడ్డాయి. పాశ్చాత్యులు యోగాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది ప్రధానంగా ఆ గ్రంథంతోనే. ఆ వివేకానందులు చికాగోకు బయలుదేరే ముందు, 1893 ఫిబ్రవరి 13న మన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన సంగతి హైదరాబాదు వారికి గర్వకారణం. ఒకవైపు అణుశాస్త్రం, మరొకవైపు యోగ ప్రచారం మొదలైన ఏడాదిలోనే పుట్టిన ఈ బాలుడు తరువాత రెండింటిలోనూ నడిచాడు.

యోగం ఎక్కడిది?

కథ ముందుకు సాగే ముందు యోగమంటే మనవారు ఏమని అనుకున్నారో కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే యువకుడైన లక్ష్మీనరసింహరాజు దేనిని వెతుక్కుంటూ ఇల్లు విడిచాడో అర్థం కాదు.

యోగమనే మాటకు కలయిక అని, కట్టివేయడం అని అర్థాలున్నాయి. బండికి ఎద్దులను కాడికి కట్టినట్లు ఇంద్రియాలను, మనసును ఒక చోట కట్టడం అన్నమాట. కఠోపనిషత్తులో ఇంద్రియాలను గుర్రాలతోను, శరీరాన్ని రథంతోను పోల్చడం మనలో చాలామందికి తెలుసు. భగవద్గీతలో యోగమనే పదం అనేక అర్థాలలో వస్తుంది. వీటన్నిటిలోని సాధన పద్ధతిని ఒక క్రమంలో పెట్టినవారు పతంజలి మహర్షి. యోగసూత్రాలు నాలుగు పాదాలు, 200కు లోపే సూత్రాలు. మన ఆఫీసుల్లో ఒక్క జీవో వివరించడానికి వ్రాసిన కాగితాలతో పోలిస్తే ఎంత పొదుపో ఆలోచించండి.

పతంజలి చెప్పిన అంగాలు ఎనిమిది: యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి. ఇందులో మనం యోగా అని పిలుచుకునే ఆసనం మూడవది మాత్రమే. మొదటి రెండు అంగాలు నడవడికకు సంబంధించినవి. ఇతరులను బాధించకపోవడం, సత్యం పలకడం, పరుల సొమ్ము ఆశించకపోవడం, శుభ్రత, ఉన్నదానితో తృప్తి పడడం ఇటువంటివి. ఇవి లేకుండా శీర్షాసనం ఎంత సేపు వేసినా అది కసరత్తే అవుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న అనేక ఆసనాలు, ముద్రలు, క్రియలు పతంజలి తరువాత చాలా కాలానికి హఠయోగ గ్రంథాలలో విస్తరించాయి. స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక సుమారు 15వ శతాబ్దం నాటిది. అందులో వర్ణించినవి 15 ఆసనాలే. వందలకొద్దీ ఆసనాలు తరువాతి కాలపు వృద్ధి. మన తెలుగునాట వేమనను జనం కవి అన్నంతగానే యోగి అని కూడా పిలుచుకున్నారు. శ్రీశైలాన్ని సిద్ధుల స్థానమని చెప్పుకున్నారు. అంటే ఈ విద్య మనకు పరాయిది కాదు.

పదేళ్ళ సాధన

ఇంట్లోని గ్రంథాలు చదివిన యువకుడికి చదువుతో తృప్తి కలగలేదు. యౌవనారంభంలోనే ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్ళారు. నేపాలు, హిమాలయ ప్రాంతాలలో పది సంవత్సరాలపాటు యోగసాధన చేశారు. లక్ష్మీనరసింహరాజు స్వామి జ్ఞానానంద అయ్యారు.

ఇటువంటి మహనీయుల చరిత్రలు వ్రాసేటప్పుడు హిమాలయాల ఘట్టం రాగానే మహిమలు చెప్పడం రివాజు. నేను ఆ జోలికి పోవడం లేదు. ఆ పదేళ్ళ ఫలితం ఏమిటో ఆయన తరువాతి జీవితమే చెబుతుంది. పది సంవత్సరాలు ఒక పని మీద మనసు నిలిపినవాడికి అలవడే ఓర్పు, ఏకాగ్రత, కొద్దిపాటి అవసరాలతో బతికే అలవాటు ఆయనకు అలవడ్డాయి. ధారణ, ధ్యానం అని సూత్రాలలో చదివినవి ఆయనకు రోజువారీ అభ్యాసమయ్యాయి. ఈ సాధన ఫలితంగా తనకు స్ఫురించిన తత్త్వాన్ని పూర్ణ సూత్రాలు అనే పేరుతో గ్రంథస్థం చేశారు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఎక్కడో ఒక ఆశ్రమం వెలిసేది, ఏటా ఒక ఆరాధన జరిగేది. మన దేశంలో అది గౌరవప్రదమైన మార్గమే. కాని స్వామి వారు కొండ దిగి వచ్చారు. దిగి వచ్చిన తరువాత చేసిన పని మరీ విచిత్రమైనది.

జర్మనీ ప్రయాణం

తన గ్రంథాన్ని అచ్చు వేయించడానికి 1927లో స్వామి జ్ఞానానంద జర్మనీ వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏళ్ళు. సంస్కృత గ్రంథాలపై జర్మను పండితులకు ఉన్న ఆదరం మనకు తెలిసినదే. అక్కడ వేదాల మీద, యోగం మీద అనేక ఉపన్యాసాలు ఇచ్చారు. భారతదేశం నుండి ఒక స్వామి వచ్చి యోగం గురించి చెబుతున్నాడంటే వినేవారికి కొదవ ఉండదు. వివేకానందుల తరువాత, 1920లో అమెరికా వెళ్ళిన పరమహంస యోగానంద వంటివారు ఆ దారి వేసి ఉంచారు. ఉపన్యాసాలు ఇస్తూ, శిష్యులను చేర్చుకుంటూ ఐరోపాలోనే హాయిగా కాలం గడపవచ్చు.

కాని ఆ రోజుల జర్మనీలో గాలిలోనే భౌతికశాస్త్రం ఉండేది. ఐన్‌స్టీన్ బెర్లినులో ఉన్నాడు. 1925లో హైసెన్‌బర్గ్, 1926లో ష్రోడింగర్ పరమాణువును గురించిన కొత్త గణితాన్ని లోకానికి ఇచ్చారు. కాలం, ప్రదేశం, పదార్థం గురించి మన వేదాంతులు వేసిన ప్రశ్నలే వీరు వేరే భాషలో వేస్తున్నారు. సాపేక్ష సిద్ధాంతం స్వామి వారిని పట్టుకుంది. దానిని అర్థం చేసుకోవాలంటే ఉన్నత గణితం కావాలి, భౌతికశాస్త్రం కావాలి. అవి తనకు రావు.

అప్పుడు ఆయన చేసిన పని గమనించండి. మన వేదాలలో ఇవన్నీ ముందే ఉన్నాయని ఒక ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. వేదిక దిగి విద్యార్థుల బల్ల మీద కూర్చున్నారు. డ్రెస్డెన్ నగరంలో గణితం, భౌతికశాస్త్రం మొదటి నుండి నేర్చుకోవడం ప్రారంభించారు. గురుస్థానంలో ఉన్న సన్యాసి, తనకంటె పదేళ్ళు చిన్నవారైన పిల్లల సరసన, పరాయి భాషలో, అప్పటివరకు ముట్టని శాస్త్రాన్ని నేర్చుకోవడమంటే మాటలు కాదు. సర్వీసులో పదిహేనేళ్ళు గడిచాక డిపార్టుమెంటు పరీక్షకు కూర్చోవలసి వచ్చినప్పుడు మనలో ఎంతమంది ఎంత గునిసామో జ్ఞాపకం తెచ్చుకుంటే దీని విలువ తెలుస్తుంది.

ప్రేగ్ నుండి లివర్‌పూల్ వరకు

జర్మనీ నుండి చెకొస్లొవేకియా రాజధాని ప్రేగ్ నగరానికి వెళ్ళి, అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపట శాస్త్రంలో పరిశోధన చేశారు. ఎక్స్‌రేలను ఒక స్ఫటికం మీద పడనిస్తే అవి తమ తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేర్వేరు కోణాలలో మళ్ళుతాయి. ఆ కోణాలను కొలిచి, ఏ మూలకం ఏ కిరణాలు ఇస్తుందో తేల్చడం ఈ శాస్త్రం. వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదు. గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి ఫోటో ఫలకం మీద గీత పడేదాకా వేచి ఉండాలి. ఈ పరిశోధనకు 1936లో ఆ విశ్వవిద్యాలయం డాక్టరేటు ప్రదానం చేసింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండబోతున్నాయి.

రెండవ ప్రపంచయుద్ధం రావడంతో ఇంగ్లండు చేరారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో సర్ జేమ్స్ చాడ్విక్ వద్ద పనిచేసే అవకాశం లభించింది. 1932లో న్యూట్రానును కనుగొని, 1935లో నోబెల్ బహుమతి పొందిన చాడ్విక్ ఈయనే. అణుశక్తి గురించి మాట్లాడాలంటే న్యూట్రాను లేకుండా కుదరదు. అటువంటి ప్రయోగశాలలో స్వామి వారు బీటా కిరణాల మీద పనిచేసి అక్కడా పిహెచ్.డి. పొందారు. రేడియోధార్మిక పదార్థాల నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. అవే బీటా కిరణాలు. అయస్కాంతం మధ్య నుండి పోనిస్తే అవి వంగుతాయి. ఎంత వంగాయో చూసి వాటి శక్తిని లెక్కగడతారు.

అటుపిమ్మట అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేడియో ఐసోటోపుల మీద పరిశోధన సాగించారు. ఈ అనుభవమంతా కలిపి శూన్యాన్ని సృష్టించే విధానం మీద ఇంగ్లీషులో ఒక శాస్త్ర గ్రంథం వ్రాశారు. హై వాక్యువా అనే ఆ పుస్తకాన్ని 1947లో న్యూయార్కులోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. ఒక పాత్రలోని గాలిని దాదాపు పూర్తిగా తీసివేయడం, మిగిలిన అతి స్వల్ప పీడనాన్ని కొలవడం ఎలాగో వివరించే గ్రంథమిది. రేడియో వాల్వు మొదలు అణు యంత్రాల వరకు ఇది అవసరం. లోపల గాలి ఉంటే కణాలు దానిని ఢీకొని దారి తప్పుతాయి. గాలి లేకపోతే తిన్నగా పోతాయి. మనసులోని అలజడిని తగ్గిస్తే చూపు తిన్నగా సాగుతుందని యోగశాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఇటువంటిదే గదా అని నాకనిపిస్తుంది. ఈ పోలిక నాది, సామాన్యుడి పోలిక. శాస్త్రాన్ని శాస్త్రంగానే వ్రాయడం స్వామి వారి పద్ధతి.

స్వదేశాగమనం, విశాఖపట్నం

ఇరవై సంవత్సరాల విదేశీ జీవితం తరువాత, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో స్వామి జ్ఞానానంద తిరిగి వచ్చారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా చేరారు. దానికి మొదటి డైరెక్టరు కె.ఎస్. కృష్ణన్ గారు. ఆ తరువాత, 1954లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పుడు వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు ఉపాధ్యక్షులు. భౌతికశాస్త్ర విభాగంలో అణు భౌతికశాస్త్రాన్ని అభివృద్ధి చేసే బాధ్యత స్వామి వారికి అప్పగించారు. రెండేళ్ళలో, 1956లో, అణు భౌతికశాస్త్రం ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. స్వామి వారు దానికి అధిపతి అయ్యారు.

ఆ 1956వ సంవత్సరం ప్రాముఖ్యం మనకు చెప్పనక్కరలేదు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. మన పై తరం ఉద్యోగులు కర్నూలు నుండి ఫైళ్ళు మోసుకుని హైదరాబాదు వచ్చిన ఏడాది అది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి దగ్గర ట్రాంబేలో దేశపు మొదటి అణు రియాక్టరు అప్సర పనిచేయడం మొదలైంది. దేశంలోనే అణుశాస్త్రం ఇంకా పసిబిడ్డగా ఉన్న రోజుల్లో, విశాఖ సముద్రతీరాన మన తెలుగు విద్యార్థులకు ఆ చదువు స్వంత గడ్డ మీద అందుబాటులోకి వచ్చింది.

అప్పటికి స్వామి వారికి యాభై తొమ్మిదేళ్ళు. నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఈ అంకె. యాభై ఎనిమిది నిండగానే నాకు పదవీ విరమణ ఉత్తర్వు, ఒక శాలువ, ఒక పూలదండ ఇచ్చి పంపించారు. మీలో చాలామందికీ అంతే. ఇక మన పని అయిపోయిందని ఆ రాత్రి అనుకోనివారు తక్కువ. సరిగ్గా ఆ వయస్సులో ఈయన గది, బల్ల, పరికరం, విద్యార్థి అన్నీ సమకూర్చుకుంటూ ఒక శాఖను మొదలుపెట్టారు. 1965 వరకు, అంటే అరవై ఎనిమిదేళ్ళ వయస్సు వరకు, దానిని నడిపించారు. 1969 సెప్టెంబరు 21న దివంగతులయ్యారు. డెబ్బై మూడవ ఏడు ఇంకా నిండలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. గుడి కట్టకుండా, పీఠం పెట్టకుండా ఒక సన్యాసి పేరు ఒక ప్రయోగశాల మీద నిలవడం అరుదైన విషయం.

నేటి యోగ ప్రచారం

స్వామి జ్ఞానానంద యోగమూ శాస్త్రమూ ఒకే జీవితంలో ఇమిడించుకుంటే, యోగాన్నే శాస్త్ర పరికరాలతో పరీక్షించే పని కూడా ఆయన కాలంలోనే మొదలైంది. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, యోగక్రియలు చేసేవారి శరీరంలో ఏం జరుగుతుందో ఎక్స్‌రేలతో, పీడన మాపకాలతో పరిశీలించారు. 1930లలో మైసూరు మహారాజా ఆదరణతో తిరుమలై కృష్ణమాచార్యులు యోగశాల నడిపారు. ఆయన శిష్యులలో బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ప్రపంచమంతటా పేరు పొందారు. మలయాలో వైద్యుడిగా పనిచేసి వచ్చిన స్వామి శివానంద 1936లో ఋషీకేశంలో దివ్య జీవన సంఘాన్ని స్థాపించారు. మన జంట నగరాలలోనూ వేమన పేరుతో యోగ పరిశోధన సంస్థ ఏర్పడి, వ్యాధుల మీద యోగాభ్యాసం ప్రభావాన్ని గురించి వైద్యులతో కలిసి పరిశోధనలు చేసింది.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని 177 దేశాలు బలపరిచాయి. 2015 నుండి ఏటా జరుగుతున్నది. 2016లో యునెస్కో వారు యోగాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ సంపదల జాబితాలో చేర్చారు. 2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరాన ప్రధానమంత్రి సమక్షంలో 3 లక్షల మంది వరకు ఒకేసారి యోగాసనాలు వేశారు. స్వామి జ్ఞానానంద తన చివరి ఉద్యోగం చేసిన నగరమే అది. ఆ నగరంలోని విశ్వవిద్యాలయంలో యోగ విద్యకు ఒక విభాగం కూడా ఉన్నది.

ఇదంతా సంతోషించదగినదే. అయితే ఒక రోజు లక్షల మంది కలిసి చేసేది పండుగ. ఒక్కడే గదిలో ప్రతిరోజూ చేసుకునేది సాధన. పండుగ వల్ల సాధన మీద ఆసక్తి కలిగితే ప్రయోజనం ఉన్నట్లే. జూన్ 21న కొన్న చాప జూలైలో అటక ఎక్కితే ఏమీ లేదు.

మన వయస్సువారికి లాభాలు, జాగ్రత్తలు

ఇక మనకు పనికివచ్చే మాటలు కొన్ని. నెమ్మదిగా చేసే ఆసనాలు, శ్వాస అభ్యాసం రక్తపోటును కొంతవరకు తగ్గించడంలో సహాయపడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. దీర్ఘకాలంగా వేధించే నడుమునొప్పికి మందుల కంటె ముందు ప్రయత్నించదగిన పద్ధతులలో యోగాన్ని కూడా అమెరికా వైద్యుల కళాశాల 2017లో సూచించింది. వృక్షాసనం వంటివి గోడ పట్టుకుని చేసినా తూలకుండా నిలబడే శక్తి పెరుగుతుంది. మన వయస్సులో స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగడం ఎంత ప్రమాదమో తెలుసును కాబట్టి ఇది చిన్న లాభం కాదు. నిద్ర పట్టనివారికి, ఒంటరితనంతో కుంగేవారికి పదిమందితో కలిసి ఉదయం గంటసేపు గడపడమే సగం మందు.

కాని యోగం మందులకు ప్రత్యామ్నాయం కాదు. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు డాక్టరు చెప్పకుండా మానరాదు. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టడం, కపాలభాతి, భస్త్రిక వేగంగా చేయడం మానాలి. గ్లాకోమా ఉన్నవారు, ఈమధ్యనే కంటి ఆపరేషను అయినవారు తల కిందికి ఉంచే ఆసనాలు వేయరాదు. మోకాలి చిప్ప మార్పిడి అయినవారు వజ్రాసనం జోలికి పోకుండా కుర్చీలో కూర్చుని చేయవచ్చు. ఎముకలు గుల్లబారినవారు నడుము ముందుకు బాగా వంచరాదు. పక్కవాడు ఎంత వంగాడో చూసి మనం వంగనక్కరలేదు. టీవీలో చూసి కాక, తెలిసినవారి ఎదుట నేర్చుకోవడం ఉత్తమం. ఆడవారు కూడా వంటపని ముగిసేదాకా ఆగకుండా ఈ గంట తమకోసం కేటాయించుకోవాలి. ఆ గంటలో కాఫీ మనమే పెట్టుకుంటే నష్టం లేదు.

ముగింపు

మొదట చెప్పిన మూడు మాటలకు ఇప్పుడు సమాధానం చూసుకుందాం. యోగం సన్యాసులకే అన్నవారికి చెప్పవలసింది ఇది: నిజంగా సన్యసించిన జ్ఞానానంద యోగాన్ని కొండ మీద వదిలి రాలేదు. పరీక్షలు, ప్రయోగాలు, పాఠాలు, ఒక శాఖ పరిపాలన, వీటి మధ్యకు తీసుకువచ్చారు. మనం చేసిన ఉద్యోగాల వంటి ఉద్యోగంలోనే ఆయనా పదేళ్ళకు పైగా ఉన్నారు. యోగం సైన్సుకు నిలవదన్నవారు, చాడ్విక్ ప్రయోగశాలలో పనిచేసిన యోగిని తలచుకుంటే చాలు. అలాగే సైన్సంతా మనకు పూర్వమే తెలుసునని చెప్పేవారు కూడా ఆయనను తలచుకోవాలి. తెలియనిది తెలియదని ఒప్పుకుని, ముప్పై దాటాక పలకాబలపం పట్టినంత వినయంతో మొదటి నుండి నేర్చుకున్నారు. ఆ వినయం కూడా యోగమే.

ఇక ఈ వయస్సులో ఏం సాధిస్తామన్న మూడవ మాట. ముప్పైలో కొత్త చదువు, నలభైలో డాక్టరేటు, యాభైలో గ్రంథం, అరవై అంచున కొత్త శాఖ. ప్రతి పదేళ్ళకూ ఒక ఆరంభం. అందరమూ శాస్త్రవేత్తలం కాలేము, కానక్కరలేదు. ప్రతి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బ్రతికి ఉన్నామని ట్రెజరీకి రుజువు చేసుకుంటున్నాము. ఏదో ఒక కొత్త పని మొదలుపెట్టి మనకు మనం కూడా రుజువు చేసుకోవాలి. అది రోజుకు అరగంట ప్రాణాయామం కావచ్చు, కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పడం కావచ్చు, ఎన్నడూ చదవని పుస్తకం తెరవడం కావచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు బరువైన సంచులతో వెళ్ళే పిల్లలను చూస్తుంటాము. ఒకసారి తప్పితే జీవితం పోయిందనుకునే ఆ పిల్లలకు ఈ గొరగనమూడి కుర్రవాడి కథ చెప్పడం కూడా మనం చేయదగిన పనే.